వెనక ట్రైలర్ ఉన్నప్పుడు దారి ఎవరు చెప్పాలి?

వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి మెయిన్ రాష్ట్రంలో ఉన్న అకేడియా నేషనల్ పార్కుకి దాదాపు ఎనిమిది వందల మైళ్ళు. ఈ వేసవిలో మా తమ్ముడు ఆ దూరమంతా మొదటిసారి ట్రైలర్ తగిలించుకుని వెళ్ళబోతున్నాడు. ఇరవై ఆరడుగుల ట్రావెల్ ట్రైలర్, దాన్ని లాగడానికి పికప్ ట్రక్, వెనక సీట్లో ఇద్దరు చిన్నపిల్లలు. దారి చూపడానికి ఏం కొనాలన్న దాని మీద వాడికీ మా ఆయనకీ జరిగిన వాదన ఇది. మా ఆయన ఏళ్ళ తరబడి ట్రైలర్ లాగిన మనిషి. ఇంతవరకూ ప్రత్యేకంగా జీపీఎస్ అంటూ ఏదీ కొనలేదు. తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, లోపల ఏం జరుగుతుందో తెలిస్తే గానీ ఏ వస్తువునీ నమ్మడు. మధ్యలో నేనూ కలగజేసుకున్నాను. ఈ విషయంలో నాకూ ఒక పక్షం ఉంది కాబట్టి ఆ మాటలు తీసేయలేదు.

తమ్ముడు: బావా, నేను తేల్చేసుకున్నాను. ఆర్వీల కోసం, అంటే ఇల్లు వెంటేసుకుని తిరిగే బండ్ల కోసం, చేసిన జీపీఎస్సే కొంటాను. గార్మిన్‌లో ఎనిమిది అంగుళాల స్క్రీనుది.

మా ఆయన: ఎంతేమిటి?

తమ్ముడు: మోడల్‌ని బట్టి ఐదారు వందల డాలర్లు.

మా ఆయన: ఆ డబ్బు పెడితే ట్రైలర్‌కి మంచి టైర్లు వస్తాయి. టైరు పేలితే నీ ఎనిమిది అంగుళాల స్క్రీను ఏం చేస్తుంది? దారి చూపడానికి జేబులో ఫోన్ ఉంది కదా. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో, యాక్సిడెంట్ ఎక్కడైందో ఫోన్‌కి తెలిసినంత వేగంగా ఇంకే పెట్టెకీ తెలియదు.

తమ్ముడు: ఫోన్‌కి ముందున్న ట్రాఫిక్ తెలుసు బావా, నా వెనక ఏముందో తెలియదు. గూగుల్ మ్యాప్స్‌లో మనం పెట్టగలిగే షరతులు ఏమిటో చూడండి. టోల్ వద్దు, హైవే వద్దు, ఫెర్రీ వద్దు. నా ట్రైలర్ దాదాపు పదకొండడుగుల ఎత్తు, ట్రక్‌తో కలిపి యాభై అడుగులకు దగ్గర పొడవు, ముందు రెండు ప్రొపేన్ ట్యాంకులు అని చెప్పుకోవడానికి అందులో చోటే లేదు. చిన్న కారులో వెళ్తున్నాననుకుని దారి వేస్తుంది. ఆ దారి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? న్యూయార్క్ దాటి కనెటికట్‌లోకి వెళ్ళేటప్పుడు ఐ-95 నిండిపోయి ఉంటే హచిన్సన్ రివర్ పార్క్‌వే, అక్కడి నుంచి మెరిట్ పార్క్‌వే చూపిస్తుంది. కారుకైతే అది మంచి దారే.

మా ఆయన: మంచి దారే కాదు, అందమైన దారి. ఇటూ అటూ చెట్లు, ఏ వంతెనకా వంతెన వేరే అలంకారం.

తమ్ముడు: ఆ వంతెనల కిందే కదా చిక్కు! హచిన్సన్ మొదటి ముక్క 1920లలో తెరిచారు. మెరిట్ 1938లో మొదలై 1940కి పూర్తయింది. కార్లలో షికారు వెళ్ళే కుటుంబాల కోసం కట్టిన రోడ్లవి. లారీలు వాటి మీదికి రాకూడదన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. ట్రైలర్ లాగే బండికి కూడా ప్రవేశం లేదు. మెరిట్ మీద ఎనిమిది అడుగులు దాటిన ఏ బండీ వెళ్ళకూడదు. ఫోన్ చూపించింది కదా అని ర్యాంప్ ఎక్కేశాక ముందు రాతి వంతెన, వెనక బారులు తీరిన కార్లు. యాభై అడుగుల బండిని అక్కడ రివర్స్ చేయగలనా?

మా ఆయన: ర్యాంప్ మొదట్లో బోర్డు ఉంటుంది. ప్యాసింజర్ కార్లు మాత్రమే అని.

తమ్ముడు: అరవై మైళ్ళ వేగంతో వెళ్తూ, పక్క లేన్‌లో ట్రక్కు ఉండగా, పిల్లాడు వెనక ఏడుస్తుండగా ఆ బోర్డు చదివి, అర్థం చేసుకుని, లేన్ మారి బయటపడాలి.

మా ఆయన: అవును, పడాలి. నేను చెప్పేది అదే. బోర్డు చదవడం నీ పని. ఆ పని పెట్టెకి అప్పగించిన రోజు నుంచి నీ కళ్ళు రోడ్డు మీద కాకుండా స్క్రీను మీద ఉంటాయి. నార్త్ కరొలైనాలో డర్హమ్ ఊరి మధ్య ఒక రైలు వంతెన ఉంది, గ్రెగ్‌సన్ స్ట్రీట్ మీద. పదకొండడుగుల ఎనిమిది అంగుళాలు. అద్దె లారీలూ ఆర్వీలూ పై కప్పు ఊడగొట్టుకుంటూనే ఉండేవి. అక్కడ ఎత్తు కొలిచే సెన్సర్ ఉంది. ఎత్తైన బండి వస్తే బోర్డు వెలుగుతుంది, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. అయినా గుద్దేవాళ్ళు. 2019లో రైల్వేవాళ్ళు వంతెనను ఎనిమిది అంగుళాలు పైకెత్తి పన్నెండడుగుల నాలుగంగుళాలు చేశారు. ఆ తర్వాతా గుద్దారు. వాళ్ళకి తక్కువైంది జీపీఎస్ కాదురా. వెలిగే బోర్డు కళ్ళముందే ఉంది.

తమ్ముడు: ఆ కథే నా వైపు మాట్లాడుతోంది బావా. బోర్డు దగ్గరికి వచ్చాక చెప్పడం ఆలస్యం. ఆ వీధిలోకే తీసుకెళ్ళకపోవడం మేలు. ఆర్వీ జీపీఎస్‌లో మొదట మన కొలతలు నింపాలి. ఎత్తు, వెడల్పు, పొడవు, బరువు, గ్యాస్ ఉందా లేదా. తర్వాత అది వేసే ప్రతి రూటూ ఆ కొలతలకి సరిపోయిందే వేస్తుంది. లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మ్యాపులో రోడ్డంతా చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కకీ కొన్ని గడులు. వేగం ఎంత, వన్‌వేనా, టోల్ ఉందా. లారీల కోసం, ఆర్వీల కోసం తయారుచేసే డేటాలో ఇంకొన్ని గడులు కలుస్తాయి. పైన వంతెన ఎత్తెంత, రోడ్డు మోసే బరువెంత, ప్రొపేన్‌కి అనుమతి ఉందా, వాలు ఎంత, మలుపు ఎంత ఇరుకు. మన ఎత్తు కంటే వంతెన తక్కువగా ఉంటే ఆ ముక్కని మొత్తం పక్కకు తీసేసి, మిగిలిన ముక్కలతోనే దారి అల్లుతుంది.

మా ఆయన: ఆ గడి ఖాళీగా ఉంటే?

తమ్ముడు: అంటే?

మా ఆయన: ఏదో కౌంటీ రోడ్డు. దాని మీద వంతెన ఎత్తు ఎవరూ కొలిచి ఎక్కించలేదు. అప్పుడు నీ పెట్టె ఏమనుకుంటుంది?

తమ్ముడు: అడ్డు లేదనే అనుకుంటుంది.

మా ఆయన: చూశావా. తెలియకపోవడం, అడ్డు లేకపోవడం దానికి ఒకటే. కొమ్మలు వాలి ఉన్న రోడ్డు, తారు మీద తారు వేసి ఎత్తు పెరిగిన రోడ్డు, ఇవేవీ దానికి తెలియవు.

ఇక్కడ తమ్ముడు కొంచెంసేపు ఆగాడు. వాడిలో నాకు నచ్చేది ఇదే. ఎదుటి మాటలో బలం ఉంటే ఒప్పుకుని మరీ ముందుకు వెళ్తాడు.

తమ్ముడు: ఒప్పుకుంటాను. ఆ పరికరాల్లో డేటాకి లోపాలున్నాయి. కానీ ఫోన్ మ్యాపులో కొన్ని గడులు ఖాళీగా ఉండటం కాదు బావా, ఆ గడులే లేవు. పెద్ద హైవేల మీదా, రాష్ట్రాల రోడ్ల మీదా, పార్క్‌వేల మీదా ఈ డేటా బాగానే నిండి ఉంటుంది. మా ప్రయాణమంతా ఎక్కువభాగం వాటి మీదే.

మా ఆయన: సరే, పెద్ద రోడ్ల మాటే మాట్లాడుకుందాం. బాల్టిమోర్ ఎలా దాటుతావు?

తమ్ముడు: ఐ-95 మీద ఫోర్ట్ మెక్‌హెన్రీ టనెల్‌లోంచి వెళ్ళకూడదు. ఐ-895 మీద హార్బర్ టనెల్‌లోంచీ వెళ్ళకూడదు. ఒక్కో సిలిండర్‌లో పది పౌండ్ల కంటే ఎక్కువ ప్రొపేన్ ఉంటే అక్కడికి రానివ్వరు. నావి ఇరవై పౌండ్లవి రెండు. ఆర్వీ జీపీఎస్‌కి గ్యాస్ ఉందని చెప్తే టనెళ్ళు రెండూ తప్పించి ఐ-695 మీదికి మళ్ళిస్తుంది. ఫోన్ నేరుగా టనెల్ నోట్లోకి తీసుకెళ్తుంది.

మా ఆయన: ఐ-695 అంటే ఊరి చుట్టూ తిరిగే బెల్ట్‌వే. ఏ వైపు నుంచి మళ్ళిస్తుంది? తూర్పు వైపు నుంచా, పడమటి వైపు నుంచా?

తమ్ముడు: (అర్థమై) కీ బ్రిడ్జ్.

మా ఆయన: అదీ. 1977లో తెరిచిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జ్. టనెళ్ళలోకి రానివ్వని బండ్లకి, గ్యాస్ ఉన్నవాళ్ళకి, ప్రమాదకరమైన సరుకు మోసే ట్యాంకర్లకి బాల్టిమోర్ రేవు దాటే దారి అప్పట్లో అదే. 2024 మార్చి 26 తెల్లవారుజామున డాలీ అనే కంటెయినర్ ఓడ స్తంభాన్ని గుద్దితే కూలిపోయింది. రాత్రి షిఫ్టులో గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఇప్పుడు నీ పెట్టెలో మ్యాపు 2023 నాటిదనుకో. మామూలు కారు మ్యాపు నిన్ను టనెల్‌కి పంపేది. నీ తెలివైన పెట్టె మాత్రం, గ్యాస్ ఉందని తెలుసు కాబట్టి, పట్టుబట్టి ఆ లేని వంతెన వైపే పంపుతుంది. ఫోన్‌కి ఆ వార్త గంటల్లో చేరింది.

ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రేవు పక్క నుంచి మేం ఎన్నోసార్లు వెళ్ళాం. నిజానికి వాదనలో ఇదే గట్టి మాట అని నాకు అనిపించింది. ఎందుకంటే ఇది పరికరం చెడ్డదనడం కాదు. మిగతా వాటికంటే ఎక్కువ తెలిసిన పరికరమే పాత మ్యాపు చేతిలో మిగతా వాటికంటే ఎక్కువ నష్టం చేయగలదని చెప్పడం.

తమ్ముడు: దీనికి జవాబు ఉంది. మ్యాపు అప్‌డేట్లు ఉచితం, వైఫైలో దించుకోవచ్చు. ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపితే ట్రాఫిక్ కూడా తెరమీదికి వస్తుంది.

మా ఆయన: అంటే ఫోన్ లేకుండా అదీ పూర్తి కాదు.

తమ్ముడు: కాదు. ఫోన్ వద్దని నేననడం లేదు. దారి నిర్ణయించే పని ఫోన్‌కి ఇవ్వొద్దంటున్నాను.

మా ఆయన: మరి ఫోన్‌లోనే ఆర్వీల యాప్ ఉంది కదా. కొలతలు నింపొచ్చు, ఏడాదికి చందా కడితే చాలు. ఆర్వీ లైఫ్ లాంటివి. ఇంట్లో కంప్యూటర్ మీద రూటు వేసుకుని ఫోన్‌కి పంపుకోవచ్చు కూడా. వందల డాలర్లు ఎందుకు?

తమ్ముడు: ఆలోచించాను. ఇంట్లో కూర్చుని ప్లాన్ చేయడానికి అది చాలా బాగుంటుంది, అది వాడతాను కూడా. కానీ నడిపేటప్పుడు ఫోన్ మీద పెట్టుకోలేను. జూలై ఎండలో డాష్‌బోర్డు మీద ఫోన్ వేడెక్కి స్క్రీను మసకేస్తుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీల సెల్సియస్ లోపల వాడమని ఆపిలే చెప్తుంది. అద్దం వెనక ఎండ పడే చోట అది ఎంతసేపు నిలుస్తుంది? ఇంకోటి. హార్ట్‌ఫర్డ్‌లో మూడు లేన్లు విడిపోయే చోట సరిగ్గా అమ్మ విజయవాడ నుంచి వాట్సాప్ వీడియో కాల్ చేస్తుంది. మనకి పగలు, వాళ్ళకి రాత్రి భోజనాల వేళ. స్క్రీనంతా అమ్మ ముఖమే.

నేను: అమ్మ అలా చేయకుండా ఉండదు. మనవలు ఎక్కడున్నారో చూపించమంటుంది.

మా ఆయన: సరే, ఫోన్ సంగతి కొంత ఒప్పుకున్నాను. కానీ సిగ్నల్ పోతే ఫోన్ పనిచేయదు కాబట్టి జీపీఎస్ కొనాలని కొట్టువాళ్ళు చెప్పే మాట మాత్రం నమ్మకు. ఉపగ్రహాల సిగ్నల్‌కీ సెల్ టవర్‌కీ సంబంధం లేదు. మ్యాపు ముందే దించుకుంటే ఫోన్ కూడా అడవిలో దారి చెప్తుంది. పూర్వం అమెరికా ప్రభుత్వం జనానికి ఇచ్చే సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేది, వంద మీటర్ల వరకు అటూ ఇటూ పోయేది. 2000 మే నెలలో ఆపేసింది. అప్పటి నుంచి నువ్వెక్కడున్నావో చెప్పే పనిలో చవక ఫోన్‌కీ ఖరీదైన పెట్టెకీ పెద్ద తేడా లేదు.

తమ్ముడు: అందుకే నేను ఎక్కడున్నానని కాదు, ఎటు వెళ్ళకూడదని అడుగుతున్నాను.

మా ఆయన: ఎటు వెళ్ళకూడదో చెప్పేది ఇదిగో.

అని లోపలికెళ్ళి అట్లాసు తెచ్చాడు. ర్యాండ్ మెక్‌నాలీ వాళ్ళు లారీ డ్రైవర్ల కోసం వేసే మోటార్ క్యారియర్స్ రోడ్ అట్లాసు. ఆ కంపెనీ కార్ల వాళ్ళ కోసం మొదటి అట్లాసు వేసింది 1924లో. ఈ లారీల అట్లాసులో ముందుపేజీల్లో ఒక్కో రాష్ట్రానికి ఎత్తు తక్కువున్న వంతెనల జాబితా, నిషేధాలున్న రోడ్ల జాబితా ఉంటాయి. మా దాంట్లో పేజీల అంచులు మెత్తబడి, పెన్సిల్ గీతలతో నిండి ఉన్నాయి.

మా ఆయన: నీ దారి ఇదీ. ఇక్కడి నుంచి లీస్‌బర్గ్, అక్కడ యూఎస్-15 ఎక్కి గెటిస్‌బర్గ్ మీదుగా హారిస్‌బర్గ్. ఐ-81 మీద స్క్రాంటన్ దాకా. అక్కడ ఐ-84 పట్టుకుంటే న్యూబర్గ్-బీకన్ బ్రిడ్జ్ మీద హడ్సన్ నది దాటుతావు. డాన్‌బరీ, వాటర్‌బరీ, హార్ట్‌ఫర్డ్. స్టర్‌బ్రిడ్జ్‌లో మసాచుసెట్స్ టర్న్‌పైక్ ఎక్కి, వూస్టర్ మీదుగా ఐ-290, తర్వాత ఐ-495. బోస్టన్‌లోకి అడుగే పెట్టవు. ఐ-95 మీద మెయిన్. బాల్టిమోర్ లేదు, టనెల్ లేదు, న్యూజెర్సీ టర్న్‌పైక్ లేదు, న్యూయార్క్ నగరం లేదు. బోస్టన్‌లోని స్టోరో డ్రైవ్ లేదు. అది పదడుగుల వంతెనల రోడ్డు, ఏటా సెప్టెంబరు మొదట్లో కాలేజీ పిల్లలు అద్దె లారీల్లో సామాన్లతో వచ్చి ఇరుక్కుంటారు. ఈ దారి ఏ పెట్టే చెప్పలేదు. ముందురోజు రాత్రి భోజనాల బల్ల మీద కూర్చుని వేసుకున్నది.

తమ్ముడు అట్లాసు మీదికి వంగి చాలాసేపు చూశాడు. ఆ దారి వాడికి నచ్చిందని నాకు తెలిసింది. నాకూ ఆ దారంటే ఇష్టం. గెటిస్‌బర్గ్ దగ్గర పొలాలు, స్క్రాంటన్ తర్వాత కొండలు. కానీ మా ఆయన చెప్పినదాంట్లో ఒకటి తగ్గింది. అక్కడ నేను మాట్లాడాను.

నేను: అట్లాసు మీరు చదివారా? ముందురోజు రాత్రి ఇద్దరం చదివాం. మర్నాడు నడిపేటప్పుడు?

మా ఆయన: నువ్వు చదివావు.

నేను: ఎగ్జిట్ నంబర్లు ముందుగా చెప్పింది నేను. కుడి లేన్ పట్టండి అన్నది నేను. బోర్డు మీద ఎత్తు చదివి వెళ్ళొచ్చా అని చూసుకున్నది నేను. క్యాంప్‌గ్రౌండ్‌లో దిగి ట్రైలర్ వెనక నిలబడి రానివ్వండి, రానివ్వండి అన్నదీ నేనే. మన ఊళ్ళల్లో లారీకి క్లీనర్ ఎలాగో నేనలా ఉన్నాను. ప్రత్యేకమైన జీపీఎస్ లేకుండా ఇన్నేళ్ళు తిరిగామంటే పక్క సీట్లో పూర్తిగా అదే పని చూసుకునే మనిషి ఉంది కాబట్టి. మరదలు ఎక్కడ కూర్చుంటుంది? వెనక, ఇద్దరి మధ్య. ఒకడికి కక్కొస్తుంది, ఒకడికి ఆకలి. ఆమె అట్లాసు పట్టుకుని కూర్చునే పరిస్థితి లేదు. వాడి పక్క సీటు ఖాళీ. ఆ ఖాళీ చోట ఏదో ఒకటి ఉండాలి.

మా ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాట ఆయన స్వభావానికి తగ్గట్టే ఉంది.

మా ఆయన: సరే, అయితే ఏం కొనాలన్నది కాదు, దాంతో ఏ పని చేయించుకోవాలన్నది మాట్లాడదాం.

అక్కడి నుంచి వాదన రూపం మారింది. పట్టుదలలు పోలేదు గానీ, ఇద్దరూ ఒకే బండి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

మా ఆయన: మొదట కొలతలు. నీ ట్రైలర్ ఎత్తెంత?

తమ్ముడు: బ్రోషర్‌లో పదడుగుల తొమ్మిది అంగుళాలు.

మా ఆయన: బ్రోషర్ వద్దు. అది పైన ఏసీతో కలిపి చెప్పిందా, ఏసీ లేకుండా చెప్పిందా? ట్రక్‌కి తగిలించాక ముందుభాగం కొంచెం లేచిందా? సామాన్లు నింపి, తగిలించి, సమంగా ఉన్న చోట ఆపి, నిచ్చెన వేసుకుని టేపుతో కొలువు. పైకి పొడుచుకొచ్చే దేన్నీ వదలకు. ఏసీ మూత, ఫ్యాన్ మూత, యాంటెన్నా.

తమ్ముడు: కొలుస్తాను. దానికి కొంచెం కలిపి పెట్టెలో నింపుతాను.

మా ఆయన: ఎంత కలుపుతావు?

తమ్ముడు: ఒక అడుగు?

మా ఆయన: అడుగు కలిపితే నువ్వు హాయిగా వెళ్ళగలిగే రోడ్లు కూడా వద్దంటుంది. ఎక్కడెక్కడో తిప్పుతుంది. రెండుసార్లు అనవసరంగా తిప్పిందంటే మూడోసారి దాని మాట వినడం మానేస్తావు. మూడు నాలుగంగుళాలు చాలు. ఆ అంకె పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అతికించు. అద్దె బండి కాదు, సొంత బండి అయినా సరే, వంతెన ముందు ఎత్తు గుర్తురాదు.

తమ్ముడు: ఇంకో సంగతి అడగాలి. ఆఫీసులో ఒకతను లారీ డ్రైవర్ల జీపీఎస్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా ఇస్తానన్నాడు. అదైతే ఇంకా కట్టుదిట్టంగా ఉంటుంది కదా?

మా ఆయన: అది నిన్ను లారీ అనుకుంటుంది. లారీలకు మాత్రమే నిషేధమున్న రోడ్లు చాలా ఉన్నాయి, వాటి మీద ట్రైలర్ హాయిగా వెళ్ళొచ్చు. అవన్నీ నీకూ మూసేస్తుంది. నిన్ను నువ్వుగా గుర్తించేదే తీసుకో.

ఇంతసేపూ జీపీఎస్ వద్దన్న మనిషి ఏది కొనాలో చెప్తున్నాడని గమనించాను గానీ, ఏమీ అనలేదు.

తమ్ముడు: స్క్రీను? ఏడంగుళాలది కొంచెం చవక.

నేను: పెద్దదే తీసుకో. డబ్బు తగ్గించుకోవడానికి వేరే చోట చూసుకో. ఏ లేన్ పట్టాలో అది బొమ్మ గీసి చూపిస్తుంది. ట్రైలర్ వెనక ఉన్నప్పుడు లేన్ మారడానికి మైలు ముందు నుంచే సర్దుకోవాలి. ఆ బొమ్మ ఒక్క చూపులో అర్థం కావాలి. రెండో చూపు చూసేలోపు ట్రక్ ఎంత దూరం పోతుందో లెక్క వేసుకో.

మా ఆయన: ఇక అసలు సంగతి. అనుమతి ఉన్న దారీ, వెళ్ళదగిన దారీ వేరు. వచ్చే ఏడు ఎల్లోస్టోన్ వెళ్తామన్నావు. ఐడహో ఫాల్స్ నుంచి జాక్సన్‌కి ఫోన్ టీటన్ పాస్ చూపిస్తుంది, దగ్గర కదా. పది శాతం వాలు. అంటే వందడుగులు వెళ్తే పదడుగులు దిగుతావు, మైళ్ళ తరబడి. చలికాలంలో అక్కడికి ట్రైలర్లను రానివ్వరు. వేసవిలో నిషేధం లేదు. నీ పెట్టె కొలతలు చూసి ఎత్తు సరిపోయింది, బరువు సరిపోయింది, నిషేధం లేదు, పద అంటుంది. నిట్టనిలువు దిగుడు ఉందని హెచ్చరిస్తుంది, కానీ అప్పటికి నువ్వు కొండ మీద ఉంటావు. స్వాన్ వ్యాలీ మీదుగా యూఎస్-26 పట్టుకుని ఆల్పైన్ చుట్టి వస్తే కొంచెం దూరమే గానీ, బ్రేకులు కాలవు. అది ఏ పెట్టె చెప్తుంది?

తమ్ముడు: నేను చెప్పాలి. ముందురోజు రాత్రి.

మా ఆయన: ఊఁ.

తమ్ముడు: అయితే ఇలా చేస్తాను. రూటు నేనే వేసుకుంటాను, అట్లాసు చూసి, కంప్యూటర్ మీద. దాన్ని మలుపు మలుపుకీ పాయింట్లు పెట్టి జీపీఎస్‌లోకి ఎక్కిస్తాను. జీపీఎస్ పని దారి కనిపెట్టడం కాదు, నా దారిలో అడ్డేమైనా ఉంటే వద్దనడం. ఫోన్ పని ముందు ఏం జరుగుతోందో చెప్పడం. ఫోన్ దారి మార్చమంటే నేరుగా వినను. జీపీఎస్ ఒప్పుకుంటేనే వింటాను.

మా ఆయన: ఎగ్జిట్ తప్పిపోతే?

తమ్ముడు: మళ్ళీ రూటు వేస్తుంది.

మా ఆయన: ఏం వేస్తుందో నేను చెప్తాను. పక్క ఎగ్జిట్‌లో దిగి, ఊరి వీధుల్లోంచి ఎడమకి, మళ్ళీ ఎడమకి, వెనక్కి తిరగమంటుంది. ఆ వీధుల్లోనే ఖాళీ గడులన్నీ ఉండేది. వినకు. పెద్ద రోడ్డు మీదే ముందుకు పో. పది మైళ్ళు ఎక్కువైనా ఫరవాలేదు. లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకు వస్తుంది, లవ్స్ లాంటిది. అక్కడ చోటు ఉంటుంది, ఆగి, చూసుకుని, అప్పుడు తిరుగు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అనుకో. తొందరపడి తిరగకు.

తమ్ముడు: చేరే టైము కూడా నమ్మకూడదు కదా?

మా ఆయన: ఫోన్ చెప్పే టైము కార్లది. ట్రైలర్ టైర్లు చాలా వాటికి గంటకి అరవై అయిదు మైళ్ళే హద్దు. టైరు పక్కగోడ మీద చదివి చూడు, వేగం హద్దు చెప్పే అక్షరం లేకపోతే అరవై అయిదే అనుకో. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే ఎవరికైనా చట్టమే యాభై అయిదు. ఫోన్ ఎనిమిది గంటలంటే నువ్వు పదనుకో, పిల్లలతో పన్నెండు.

ఆ వారాంతంలో తమ్ముడు స్నేహితుడి దగ్గర ఎనిమిది అంగుళాల ఆర్వీ జీపీఎస్ అరువు తెచ్చాడు. వాకిట్లో ట్రైలర్ ట్రక్‌కి తగిలించి ఉంది. కొలిస్తే పదకొండడుగుల రెండంగుళాలు తేలింది. బ్రోషర్‌కీ నిజానికీ తేడా అయిదు అంగుళాలు. రాతి వంతెన కింద అయిదు అంగుళాలంటే ఏసీ మొత్తం. కొలతలు నింపి, గ్యాస్ ఉందని చెప్పి, బార్ హార్బర్ దాకా రూటు అడిగాం.

అది బాల్టిమోర్‌ని ఐ-695 పడమటి వైపు నుంచి చుట్టి, మళ్ళీ ఐ-95 ఎక్కి న్యూజెర్సీ మీదుగా వెళ్ళమంది. టనెళ్ళు తప్పించింది, పార్క్‌వేలు తప్పించింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మా ఆయన: చూశావా, నియమాలన్నీ పాటించింది. కానీ మొదటిసారి ట్రైలర్ లాగేవాడిని ఎనిమిది లేన్ల మధ్య న్యూయార్క్ అంచున పడేసింది. ఐ-81 మీద ఎక్కువ లారీలే ఉంటాయి. లారీవాళ్ళు నీకు చోటిస్తారు.

తమ్ముడు: అవును. మీ దారే ఎక్కిస్తాను. చూద్దాం, దాని మీద ఏమైనా అభ్యంతరం చెప్తుందేమో.

పాయింట్లన్నీ ఒక్కొక్కటే నొక్కాడు. గెటిస్‌బర్గ్, హారిస్‌బర్గ్, స్క్రాంటన్, న్యూబర్గ్, స్టర్‌బ్రిడ్జ్. స్క్రాంటన్ దగ్గర వాలు హెచ్చరిక ఒకటి చూపించింది. ఇంకేమీ అనలేదు.

నేను: అకేడియాలో దిగాక? అక్కడ పార్క్ లూప్ రోడ్డు మీద తక్కువ ఎత్తు రాతి వంతెనలున్నాయి. కాడిలాక్ కొండ మీదికి ట్రైలర్లని రానివ్వరు.

తమ్ముడు: ట్రైలర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దింపేసి ట్రక్‌లో తిరుగుతాం అక్కా. కానీ ఒక సంగతి. ట్రైలర్ విప్పాక జీపీఎస్‌లో కొలతలు మార్చాలి. లేకపోతే ట్రక్‌కి కూడా ఆ రోడ్లు మూసేస్తుంది.

మా ఆయన: మార్చడం కంటే ముఖ్యం, తిరిగి తగిలించినప్పుడు మళ్ళీ పాత కొలతలకి మార్చడం. బయల్దేరేటప్పుడు హిచ్ చూస్తావు, చెయిన్లు చూస్తావు, లైట్లు చూస్తావు. ఆ వరసలోనే ఇదీ చేర్చు. మ్యాపు అప్‌డేట్ ముందురోజు రాత్రి పెట్టుకోకు, వారం ముందే చెయ్యి. సగంలో ఆగిపోతే ఇబ్బంది. ఇంతకీ పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతావు?

తమ్ముడు: ఆరింటికి.

మా ఆయన: అయితే హార్ట్‌ఫర్డ్ చేరేసరికి ఆఫీసులు వదిలే వేళవుతుంది. ఆ రోజు అక్కడి దాకా పోకు. న్యూయార్క్ రాష్ట్రంలోనే, డాన్‌బరీకి ఇవతల ఆగు. ట్రైలర్ విప్పకుండా నేరుగా లోపలికి వెళ్ళి నేరుగా బయటికి వచ్చే సైటు ఇవ్వమని ఫోన్ చేసి అడుగు. మొదటి రాత్రి చీకట్లో రివర్స్ చేయాల్సిన పని పెట్టుకోకు.